గుమ్మం దగ్గర సూదులు

మార్చి 3

ఈ డైరీ బొత్తాల కంపెనీ వాళ్ళు మా ఓనరుకి ఊరికే ఇచ్చింది. ఓనరు మేకుకి ఇచ్చాడు, మేకు చెత్తబుట్టకి ఇచ్చాడు, చెత్తబుట్ట నాకిచ్చింది. ఏ కాలం నాటిదో, వారాలు కలవవు. నాకు తేదీ చాలు. ఏ వారమైనా కాజాలు కుట్టడమేగా.

మేకు అంటే మా సూపర్‌వైజర్. నిలబడ్డచోటే దిగబడి ఉంటాడు, పీకినా రాడు. ఆ పేరు పెట్టింది నేనే. షెడ్డులో సగం మందికి పేర్లు పెట్టింది నేనే. వాళ్ళంతా కలిసి నాకు పెట్టిన పేరు కోతి. నలభై దాటాక కూడా కోతి అనిపించుకునే భాగ్యం ఎంతమందికి ఉంటుంది!

ఇవాళ మేకు చెప్పింది రాస్తే గానీ కడుపుమంట చల్లారదు. చొక్కాల మూట ఒకటి తిరిగొచ్చిందట. కాజాలు వంకరట. అందుకని వచ్చే వారం, మాకు ఏటా అద్దాలిచ్చే కళ్ళద్దాలమ్మ కళ్ళ పరీక్ష పెట్టించినప్పుడు ఎవరి చూపు బాగా తగ్గిందో తనే పక్కన నిలబడి చూస్తాడట. అలాంటివాళ్ళు వచ్చే నెల నుంచి షెడ్డుకి రానక్కర్లేదు, ఇంట్లో హాయిగా రెస్టు తీసుకోండమ్మా అన్నాడు. హాయిగా అన్నప్పుడు నా పక్కన వదిన చేతిలో సూది ఆగిపోయింది.

వదిన అంటే మా అన్న భార్య. అన్న పోయాక నా దగ్గర ఉంటోందని నేను ఊరంతా చెప్పుకుంటాను. నిజానికి నేనే ఆవిడ దగ్గర ఉంటున్నాను. నాకు కాజా కుట్టడం నేర్పింది ఆవిడే. ఇప్పుడు గుడ్డని ముక్కుకి ఆనించుకుని, వేలితో తడిమి కుడుతోంది. వాసన చూసి కుడుతున్నావా వదినా అని రోజూ ఏడిపిస్తాను.

ఇవాళ ఏడిపించలేదు.

మార్చి 4, ఉదయం, నీళ్ళు కాగేలోపు

కళ్ళద్దాలమ్మ గురించి ఒక్క చెడ్డమాట రాస్తే నా చెయ్యి పడిపోవాలి. ఇది రాస్తున్నదే ఆవిడ ఇచ్చిన అద్దాల్లోంచి. రిటైరైన టీచరమ్మ. భర్త పోయాక ఆయన పేరు మీద ఏటా కళ్ళ డాక్టరుని వెంటబెట్టుకొస్తుంది, అందరికీ అద్దాలు చేయించి ఇస్తుంది. తనే ఒక్కొక్కరి ముక్కు మీద పెట్టి, చెవుల వెనక సర్ది, బాగుందామ్మా అని అడుగుతుంది. మా అమ్మ పోయాక నా చెవుల్ని అంత మెల్లగా ముట్టుకున్నవాళ్ళు లేరు. మెలిపెట్టినవాళ్ళు బోలెడుమంది.

మొదటిసారి అద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చి పప్పు డబ్బా తీశాను. పురుగులు! ఎన్నాళ్ళుగా తింటున్నామో. తెలియనన్నాళ్ళూ రుచిగానే ఉంది.

ఏటా ఆవిడ అద్దాలిస్తుంది. ఏటా అద్దాలు కాస్త మందం ఎక్కుతాయి. వయసమ్మా అని ఆవిడ అంటే, వయసేనమ్మా అని మేమూ అంటాం. కాజాల వరుసలో ఇరవై నిండని పిల్లలు కూడా తల ఊపుతారు.

మార్చి 5

మా షెడ్డుకి కిటికీలు ఉన్నాయి. ఉన్నాయని పాతవాళ్ళు చెప్తారు, మేం నమ్ముతాం, దేవుణ్ణి నమ్మినట్టు. వాటికి అడ్డంగా పైకప్పు దాకా గుడ్డ మూటలు పేర్చి ఉన్నాయి. గోడౌన్ అద్దె మిగులుతుందని ఓనరు పేర్పించాడు. పైన ట్యూబ్ లైట్లు ఒకటి విడిచి ఒకటి తీసేశారు. వెలుగెక్కువైతే గుడ్డ రంగు వెలిసిపోతుందట. మా కళ్ళ రంగు సంగతి ఎవరూ అడగలేదు.

కుట్టడం చేతికి అలవాటే, చీకట్లో కూడా నడిచిపోతుంది. సూదిలో దారం ఎక్కించడమే రాదు. అందుకని దారం అయిపోయినప్పుడల్లా లేచి గుమ్మం దగ్గరికి పోతాం. అక్కడొక్కచోటే పగలు ఉంటుంది. అక్కడ ఎప్పుడూ ఇద్దరో ముగ్గురో సూది పైకెత్తి, ఒక కన్ను మూసి నిలబడి ఉంటారు. చూసేవాళ్ళకి ఎవరికో కన్ను కొడుతున్నట్టే ఉంటుంది. మాకు కూలి కాజాకింత. గుమ్మం దాకా నడిచిన నడకకి కూలి లేదు. పైగా మేకు అరుస్తాడు, గుమ్మం దగ్గర ఏంటమ్మా పెళ్ళిచూపులు అని.

నేనొచ్చిన కొత్తలో ఇదంతా వింతగా ఉండేది. ఇప్పుడు సూది పట్టుకుంటే కాళ్ళు వాటంతట అవే గుమ్మం వైపు పోతాయి. ఇంట్లో కూడా.

మార్చి 6

వదినకి రాత్రి నిద్ర లేదు. నా సీటు పోతే నీ మీద బరువై పడతాను అమ్మాయ్ అంటుంది. నలభై దాటిన దాన్ని, ఇప్పటికీ ఆవిడకి అమ్మాయినే. నువ్వు బరువేంటి వదినా, తూకం వేస్తే రెండు చొక్కాలంత ఉండవు అన్నాను. నవ్వలేదు.

దాంతో బుర్ర పని చేసింది. కోతి బుర్ర.

నిరుడు డాక్టరు మర్చిపోయిన చార్టు ఆఫీసు గదిలో గోడకే ఉంది. మాలో చదువు రానివాళ్ళు ఎక్కువని దాని మీద అక్షరాలు ఉండవు, మూడు పళ్ళ దువ్వెన బొమ్మలు ఉంటాయి. దువ్వెన పళ్ళు ఎటు తిరిగాయో చేత్తో చూపించాలి. పైకి, కిందికి, కుడికి, ఎడమకి. గది ఊడుస్తానని దూరాను. మేకు నన్ను మెచ్చుకున్నాడు, పని చెప్పకుండా చేసేవాళ్ళంటే ఇష్టమన్నాడు. చార్టు మొత్తం మింగేసి బయటికొచ్చాను.

దిక్కులు గుర్తుంటాయా? అందుకని పాఠం కట్టాను. పైకి అంటే ఆవలింత. కిందికి అంటే తుమ్ము. కుడికి అంటే మేకు, వాడి స్టూలు అటే కాబట్టి. ఎడమకి అంటే గోడ. ఆవలింత, మేకు, తుమ్ము, తుమ్ము, గోడ, ఆవలింత. అలా కింది వరుస దాకా.

మార్చి 8

షెడ్డంతా కుడుతూనే ఆవులిస్తోంది, తుమ్ముతోంది. ఏదో జ్వరం వచ్చిందని మేకు ముక్కుకి రుమాలు కట్టుకుని తిరుగుతున్నాడు. నా జన్మ ధన్యం.

మార్చి 9

పాఠం అందరికీ వచ్చేసింది, వదినకి తప్ప. మేకు దగ్గరికి రాగానే ఆవిడకి భయం వేసి మిగతాది మర్చిపోతోంది.

మార్చి 11

ఇవాళ పరీక్ష.

డాక్టరు కొత్త చార్టు తెచ్చాడు. దువ్వెనలు అవే, వరుస వేరు. చూస్తే తెలిసేదే. కానీ చూసిందెవరు? మొదటి పిల్ల వెళ్ళి నిలబడి కళ్ళు పైకి తిప్పి పాత పాఠం అప్పజెప్పింది. పైకి, కుడికి, కిందికి, కిందికి. రెండో ఆవిడా అంతే. మూడో ఆవిడా అంతే. కళ్ళు భేషుగ్గా ఉన్నవాళ్ళు కూడా చార్టు వైపు చూడలేదు. అంత కష్టపడి నేర్చుకుంది వదిలేసి బొమ్మల్ని చూడటం ఎందుకని! నా వంతు వచ్చింది. నేనూ పైకి, కుడికి, కిందికి, కిందికి. కనిపెట్టిన కోతే ఉచ్చులో కాలు పెట్టింది.

డాక్టరు పాపం కుర్రాడు. ముందు తన అద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత లేచి చార్టు దగ్గరికి వెళ్ళి తనే వేలు పెట్టి చూసుకున్నాడు. చివరికి కళ్ళద్దాలమ్మ వైపు తిరిగి, మేడమ్, ఇంతమందికీ ఒకేలా తప్పు కనబడుతోంది, ఇలాంటి జబ్బు నేను చదవలేదు అన్నాడు.

అప్పుడు వదిన వచ్చింది. పాఠం గుర్తు రాక నా వైపు చూసింది, నేను ఆవులించాను. అది కూడా ఆవిడకి కనబడలేదు. బాబూ, నాకు నువ్వే సరిగ్గా ఆనడం లేదు, నీ దువ్వెనలెక్కడ కనబడతాయి నాయనా అంది. డాక్టరు ఆవిడ చేతులు పట్టుకున్నంత పని చేశాడు. పొద్దుటి నుంచి విన్న మొదటి నిజం ఇదేనమ్మా అన్నాడు.

మళ్ళీ అందరినీ నిలబెట్టి, ఒక్కో బొమ్మ వేలితో చూపించి అడిగాడు. అందరిలోకీ వదినకే చూపు తక్కువ. మేకు పక్కనే ఉన్నాడు. ఈ నెలాఖరు దాకా రండమ్మా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. తిట్టినా బాగుండేది.

మార్చి 12, మధ్యాహ్నం

కళ్ళద్దాలమ్మ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచింది. పాఠం కట్టింది నువ్వేనట కదా, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది అంది. టీచరమ్మల దగ్గర బుకాయింపులు చెల్లవు. నేను ఏడో క్లాసులో బడి మానేసింది కూడా ఆ బాధ పడలేకే.

ఆవిడకి కోపం కాదు, నొప్పి. ఉత్తినే ఇచ్చేదాన్ని కదా, నాతో అబద్ధం ఎందుకు ఆడారు అంది. మీతో కాదమ్మా, మీ పక్కన నిలబడ్డవాడితో ఆడాం అన్నాను. చూపు తక్కువని తేలితే సీటు పోతుందని చెప్పాను. ఆవిడకి ఆ సంగతి తెలియదు. ఏటా నంబరు పెరుగుతూనే ఉంది, వయసనుకున్నాను, పిల్లలకి కూడానా అని తనలో తనే అనుకుంది.

తర్వాత, మీ వదినగారికి సీటు పోతే నెలనెలా సరుకులు నేను పంపిస్తాను, దిగులు పడొద్దని చెప్పు అంది.

ఆ మాటకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు మాత్రం ఊరుకోదు కదా. అమ్మా, ఇప్పుడు అద్దాలిస్తున్నారు, ఇప్పుడే సరుకులన్నారు, ఇంకొన్నాళ్ళకి చేతికర్ర ఇస్తారు, మీరిచ్చేవి మంచివే, మా చీకటే మంచిది కాదు అనేశాను.

నేను గుమ్మం దాటి వచ్చేశాక నాలుక కొరుక్కున్నాను.

మార్చి 13

వదిన నన్ను ఉతికి ఆరేసింది. దానమిచ్చిన ఆవుకి పళ్ళు ఎంచుతావుటే, ఆవిడ మనకి ఏమవుతుందని ఇస్తోంది, ఏమీ కాకుండా ఇస్తోంది, అలాంటి మనిషి మీద నోరెలా లేచింది నీకు అంది. ఆవిడ ఇచ్చిన అద్దాలు లేకపోతే నా సీటు నాలుగేళ్ళ కిందటే పోయేది అంది. నిజమే.

నేనూ ఊరుకోలేదు. ఆవిడ పోస్తోంది, మన కుండకి చిల్లి ఉంది, చిల్లి సంగతి చెప్పడం తప్పా అన్నాను. పోసేవాళ్ళ మొహాన చెప్తారా అంది. ఇంకెవరికి చెప్పాలి, చిల్లి పెట్టినవాడికి చెప్తే వింటాడా అన్నాను.

ఆ తర్వాత ఇద్దరం మాట్లాడుకోకుండా తిన్నాం. ఉప్పు లేదని ఇద్దరికీ తెలుసు. ఎవరూ అడగలేదు.

మార్చి 14

వదిన మాట్లాడింది. ఉప్పు అంది.

మార్చి 15

మళ్ళీ బుర్ర పని చేసింది. ఈసారి వదినకి కూడా చెప్పాను. ఆవిడ ముందు చెవులు మూసుకుంది, తర్వాత తనే మిగతాది చెప్పింది. ఆవిడలో కూడా కోతి ఉంది. అన్న ఎందుకు పెళ్ళాడాడో ఇప్పుడు తెలిసింది.

మిగిలిన గుడ్డముక్కలతో కళ్ళద్దాలమ్మకి అద్దాల సంచి ఒకటి కుడుతున్నాం. కృతజ్ఞతగా. ఇది నాటకం కాదు, నిజంగానే కృతజ్ఞత. తలా నాలుగు కుట్లు వేస్తున్నారు. చివరి బొత్తాం మాత్రం ఆవిడ చేతే కుట్టించాలి, షెడ్డులో, వదిన సీట్లో కూర్చోబెట్టి. ఇన్నేళ్ళుగా ఆవిడ వచ్చేది ఆఫీసు గది దాకానే. లోపలికి ఎవరూ రమ్మనలేదు, ఆవిడా రాలేదు.

ఓనరుకి చెప్తే ఉబ్బిపోయాడు. ఫోటో తీయిస్తానన్నాడు.

మార్చి 17

ఆవిడ వచ్చింది. మంచి చీర కట్టుకుని వచ్చింది పాపం. సంచి చూసి మురిసిపోయింది. బొత్తాం కుట్టడం నాకు మీకంటే బాగా వచ్చు, బళ్ళో కుట్లు కూడా నేర్పేదాన్ని అని నవ్వుతూ వదిన సీట్లో కూర్చుంది. ఓనరు, మేకు, ఫోటో అతనూ ఆ పక్కన నిలబడ్డారు.

సూది తీసుకుంది. దారం కొస పెదాల మధ్య తడి చేసింది. ఎక్కించబోయింది. ఎక్కలేదు. అద్దాలు సర్దుకుంది. ఎక్కలేదు. నవ్వు కొంచెం తగ్గింది. ట్యూబ్ లైటు కోసం పైకి చూసింది, దీపం లేని పట్టీ కనబడింది. పక్కకి చూసింది, మూటలు కనబడ్డాయి.

అప్పుడావిడ తనంతట తనే లేచింది. ఎవరూ చెప్పకుండా గుమ్మం వైపు నడిచింది. అక్కడ అప్పటికే ముగ్గురున్నారు, సూదులెత్తి. వాళ్ళు తప్పుకోబోతే ఆగండమ్మా అని వాళ్ళ వెనక వరుసలో నిలబడింది.

ఇక్కడి వరకే నేను వేసిన పథకం. ఆ తర్వాతది దేవుడు వేశాడు. అప్పటికి ఫోన్ మోగి మేకు అవతలికి వెళ్ళి ఉన్నాడు. మాట్లాడి తిరిగొచ్చేసరికి లోపలంతా చీకటి, గుమ్మంలో ఎండ. మనుషులు నల్లగా బొమ్మల్లా కనబడుతున్నారు. అలవాటుగా అరిచాడు. ఎవరమ్మా ఆ చివర, సూది పట్టుకుని పెళ్ళిచూపులకి వచ్చావా, పో, పోయి కూర్చో అని.

ఆవిడ వెనక్కి తిరిగి, వస్తున్నా బాబూ, నా వంతు ఇంకా రాలేదు అంది.

ఫోటో అతను ఎందుకో ఆ క్షణాన్నే ఫోటో తీశాడు.

మార్చి 18

ఉదయాన్నే ఆవిడ మా ఇంటికొచ్చింది. మా ఇల్లు ఎలా కనుక్కుందో. కుర్చీ లేదు, పెట్టె మీద కూర్చోబెట్టాం. నన్ను బాగా ఆడించావు కోతీ అంది. నా పేరు కూడా కనుక్కుంది! దారం తడి చేసినప్పుడే అర్థమైందట తననెందుకు బొత్తాం కుట్టమన్నారో. మరి ముందే లేచి వెళ్ళిపోవచ్చు కదమ్మా అంటే, ఎన్నిసార్లు గుచ్చితే ఎక్కుతుందో చూడాలనిపించింది అంది.

లైట్లు తను కొనిస్తానంది. ఈ ఏటి అద్దాల ఖర్చు అటు మళ్ళిస్తే చాలట. వదిన మొహం వెలిగిపోయింది. నేను వద్దన్నాను. వదిన నన్ను గిల్లింది. అయినా వద్దన్నాను. మీరు కొంటే అవి మీ లైట్లమ్మా, ఒకటి ఆరిపోతే మళ్ళీ మీరెప్పుడొస్తారా అని గుమ్మంలో నిలబడతాం, షెడ్డు ఆయనది, పని ఆయనది, వెలుగు కూడా ఆయనే పెట్టాలి, అద్దాలు మాత్రం మీరే ఇవ్వండి, అలా చెవులు సర్దడం ఇంకెవరికీ రాదు అన్నాను.

నిన్ను బడి మాన్పించిన టీచరెవరే అంది ఆవిడ. నేనేనమ్మా మానేశాను, ఆయన మిఠాయి పంచిపెట్టాడు అన్నాను. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

మరి ఆయన పెడతాడా అని అడిగింది వదిన. అదీ అసలు ప్రశ్న. నెలాఖరు దగ్గర పడుతోంది.

మార్చి 19

పని మానలేదు. అది స్పష్టంగా రాసుకోవాలి. ఎవరూ పని మానలేదు.

ఇవాళ అందరి దారాలూ ఒకేసారి అయిపోయాయి, అంతే. అందరం లేచి సూదులు పట్టుకుని గుమ్మం దగ్గర వరుసలో నిలబడ్డాం. వరుస షెడ్డు లోపల ఒక చుట్టు చుట్టుకుని కత్తిరింపు బల్లల దాకా పోయింది. ఒక్కొక్కరు దారం ఎక్కించుకుని, వెళ్ళి, పొట్టి దారంతో ఒక్క కాజా కుట్టి, మళ్ళీ వరుస చివరకి వచ్చారు. మేకు అరిచాడు. ఏం చేయమంటారు సార్, దారం ఎక్కించకుండా కుట్టే విద్య ఉంటే మీరే నేర్పండి అన్నాం. వాడు వరుస పొడుగునా అటూ ఇటూ పరిగెత్తాడు. మేకు కదిలింది! ఇన్నేళ్ళలో మొదటిసారి.

మధ్యాహ్నానికి ఓనరు వచ్చాడు. లారీ బయట ఆగి ఉంది, మూటలు సిద్ధం కాలేదు. ఇదేంటని నన్ను అడిగాడు. నేనే ఎందుకు కనబడతానో ఎప్పుడూ. వరుసండీ అన్నాను. ఎంతసేపు అన్నాడు. వెలుగెంతుంటే అంతండీ అన్నాను.

అప్పుడు వదిన ముందుకొచ్చింది. మేకంటే వణికే మనిషి! బాబూ, నీ చొక్కాలు చెడగొట్టాలని ఎవరికీ లేదు, కిటికీ ఇస్తే ఇంకో పదేళ్ళు కుట్టిపెడతాను, ఇవ్వకపోతే నా తర్వాత ఈ పిల్లల్ని కూడా ఇలాగే పంపేస్తావు, ఎంతమందినని పంపుతావు నాయనా అంది. గొంతు పెంచలేదు.

గుమ్మంలో ఇంకో నీడ పడింది. కళ్ళద్దాలమ్మ. చేతిలో సూది. వచ్చి చివర నిలబడింది.

మార్చి 21

కిటికీలకి అడ్డంగా ఉన్న మూటలు దించుతున్నారు. కూలివాళ్ళు చాలక మేకు కూడా చొక్కా విప్పి భుజాన మూట ఎత్తుకున్నాడు. తుమ్ముతున్నాడు. ఈసారి నిజం తుమ్ములు. పాపం, నీళ్ళు ఇచ్చాను. తాగి, నేను కూడా మొదట్లో కాజాలే కుట్టానమ్మా, చూపు తగ్గాకే స్టూలిచ్చారు అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను నోరు మూయించింది వాడొక్కడే.

ఓనరు ట్యూబ్ లైట్లు తెప్పించాడు. మంచి మనసుతో కాదు, లారీ కోసం. పోనీ. వెలుగుకి ఏ మనసుతో పెట్టారో తెలియదు కదా. వదిన సీటు ఉంది. కిటికీ పక్కకి మార్చారు.

మార్చి 22

తిరిగొచ్చిన చొక్కాల మూట విప్పి వెలుగులో చూశాం. ఎవరి ముడి వాళ్ళకి తెలుస్తుంది. వదిన వేలితో తడిమి కుట్టినవి తిన్నగా ఉన్నాయి. వంకరవాటిలో సగం నావి. వాసన చూసి కుట్టవే అమ్మాయ్ అంది వదిన, అంతే.

కళ్ళద్దాలమ్మ అద్దాలు వచ్చాయి. ఒక్కొక్కరికీ తనే పెట్టింది, ఈసారి షెడ్డులోనే. నా చెవులు సర్దుతూ కొంచెం మెలిపెట్టింది కూడా. బాగుందామ్మా అని అడిగింది. బాగుందమ్మా అన్నాను. ఈ జన్మకి ఈవిడని, ఈ వదినని, ఈ వరుసని ఇచ్చినవాడెవడో, వాడికి ఒక చొక్కా కుట్టిపెట్టాలి. కాజాలు వదినవి.

మార్చి 23

మూటలు తీసిన చోట కిటికీ చెక్కకి ఒక సూది గుచ్చి ఉంది. తుప్పు పట్టింది. దారం ఎక్కించే ఉంది. ఎవరు ఎవరి కోసం పెట్టారో పాతవాళ్ళకి కూడా తెలియదు.

వదిన దాన్ని పీకనివ్వలేదు. పక్కనే ఇంకో సూదికి దారం ఎక్కించి గుచ్చింది.